లోటు రాయించకుండా సంతకం పెట్టకు

కంచరపాలెం,
విశాఖపట్నం.

చి. ల. సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

తొందరగా చెయ్యవలసిన పనులు రాత్రి ఫోన్లోనే చెప్పాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశావనీ, ఫిర్యాదు నంబరు వచ్చిందనీ, బ్యాంకు వాళ్ళతో మాట్లాడి ఖాతా ఆపించావనీ పొద్దున్న మీ అమ్మ చెప్పింది. అప్పుడు కాస్త కుదుటపడ్డాను. కానీ నువ్వు ఏడుస్తూ అన్న మాటొకటి రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. "పోతే పోయాయి మావయ్యా, నాన్నకి మాత్రం చెప్పకు" అన్నావు. దానికి జవాబు ఫోన్లో ఇమడదు, అందుకే ఈ ఉత్తరం.

తల్లీ, జరిగింది ఒకసారి వరసగా చూసుకుందాం. జీతంలో మిగుల్చుకుని అమ్మకి కొత్త ఫోన్ కొనాలనుకున్నావు. ముందే డబ్బు కట్టి ఆర్డరు పెట్టావు. పెట్టె విప్పితే బట్టల సబ్బులున్నాయి. డబ్బు వెనక్కి అడుగుదామని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికావు. అక్కడ దొరికిన నంబరు కంపెనీది కాదు, దొంగది. వాడు రిఫండ్ ఫారం పేరు చెప్పి నీ ఫోన్లోకి ఒక యాప్ ఎక్కించాడు, యూపీఐ పిన్ కొట్టించాడు. ఖాతాలో మిగిలిందీ ఊడ్చుకుపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఇందులో నీ తప్పు వెతుక్కుంటూ కూర్చోకు. నీకు రావలసినవి రెండు బాకీలున్నాయి. ఒకటి కంపెనీ దగ్గర, రెండోది దొంగ దగ్గర. వాటి దారులు వేరు, గడువులు వేరు. రెండూ కలిపేసి "పోయాయి" అనుకుంటే రెండూ నిజంగానే పోతాయి.

నేను పోర్టులో సరుకు లెక్కలు రాసే టాలీ పని చేసినవాడిని కదా. కంటైనర్లు ఇంతగా రాని రోజుల్లో ఓడలోంచి పెట్టెలు విడివిడిగా వార్ఫు మీదికి దిగేవి. పెట్టె మూల నలిగినా, సీలు ఊడినా, మేకు లేచినా దాన్ని పక్కకు పెట్టించేవాళ్ళం. ఓడ తరఫు మనిషి ఎదురుగానే పుస్తకంలో రాసేవాళ్ళం. పెట్టె విప్పి సర్వే చేస్తే అందరూ చూస్తుండగానే. ఎందుకంటే సరుకు బాగానే ముట్టిందని ఒకసారి సంతకం పడ్డాక, తర్వాత ఎంత మొత్తుకున్నా ఆ సంతకమే సాక్ష్యం చెబుతుంది. లోటు రాయించడం ఎవరి మీదా కక్ష కాదు. ఎవరి సరుకు ఎవరి చేతిలో పోయిందో తేలడానికి అదొక్కటే ఆధారం. నువ్వు "పోతే పోయాయి" అనడం, సబ్బుల పెట్టె మీద సరుకు సరిగ్గా ముట్టిందని సంతకం పెట్టడంతో సమానం.

ముందు కంపెనీ సంగతి. ఆ పెట్టె పారెయ్యకు, సబ్బులు వాడెయ్యకు. మీద అంటించిన స్టిక్కరు చింపకు. దాని మీద ఆర్డరు నంబరు, అమ్మినవాడి పేరు, చిరునామా ఉంటాయి. ఒక్కోసారి పార్సిల్ బరువు కూడా వేస్తారు. ఆ పెట్టెను సబ్బులతో సహా మీ గాజువాక కిరాణా కొట్టు కాటా మీద పెట్టించి, బరువు కనపడేలా ఫోటో తియ్యి. స్టిక్కరు మీద బరువు ఉంటే దానితోనూ, కంపెనీ చెప్పుకునే ఫోను బరువుతోనూ పోల్చి చూడు. పెట్టె బయలుదేరేటప్పుడే సబ్బులున్నాయా, దారిలో మారిందా అన్నదానికి అదొక ఆనవాలు. ఇకపై ఖరీదైనది ఏది వచ్చినా తెరిచేటప్పుడు స్టిక్కరు దగ్గర్నుంచి వస్తువు బయటికొచ్చేదాకా ఆపకుండా వీడియో తీసుకో. డెలివరీ అబ్బాయి ఎదుటే పెట్టె తెరిచే పద్ధతి ఉంటే అదే ఎంచుకో.

అమ్మినవాడు వేరు, మేం మధ్యవర్తులం మాత్రమే అని ఆ కంపెనీ నీకు చెప్పవచ్చు. ఆ మాటతో వెనక్కి రాకు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో కొత్తగా వచ్చింది. దాని కింద 2020 జూలైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. ఆ నియమాల ప్రకారం ప్రతి కంపెనీకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన పేరూ వివరాలూ సైటులో కనపడాలి. ఫిర్యాదు ముట్టినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోననీ, డబ్బు ఇవ్వననీ అమ్మినవాడు అనకూడదు. నువ్వు రాసి అడిగితే అమ్మినవాడి చిరునామా మార్కెట్‌ప్లేస్ కంపెనీ ఇవ్వాలి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రెషర్ కుక్కర్ల విషయంలో ఏం చేసిందో తెలుసా? తప్పనిసరి ప్రమాణాలు లేని కుక్కర్లు తమ వేదికల మీద అమ్ముడుపోనిచ్చాయని అమెజాన్‌కీ, ఫ్లిప్‌కార్ట్‌కీ చెరొక లక్ష జరిమానా వేసింది. అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్లు వెనక్కి రప్పించి, కొన్నవాళ్ళకు డబ్బు ఇమ్మంది. ఆ వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. వెళ్ళనీ. మధ్యవర్తులం అన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదని ఆ సంస్థ నిలదీసింది, అది నీకు ధైర్యం కావాలి.

ఫిర్యాదు యాప్ లోపలి నుంచే పెట్టు. నంబరు కోసం బయట వెతకకు. రాసేటప్పుడు తిట్లు వద్దు, కన్నీళ్ళు వద్దు. "ఫలానా తేదీన ఈ ఆర్డరుకు ఇంత చెల్లించాను. ఫలానా రోజు సాయంత్రం పార్సిల్ వచ్చింది. తెరిస్తే ఫోను లేదు, సబ్బులున్నాయి. ఫోటోలు జతచేశాను. పూర్తి సొమ్ము వాపసు చెయ్యండి." ఇంతే చాలు. సీలు చిరగకపోతే చిరిగిందని రాయకు. వీడియో తియ్యకపోతే తీశానని రాయకు. న్యాయం నీ వైపున్నప్పుడు దానికి అబద్ధాన్ని తోడిస్తే, ఆ ఒక్క అబద్ధం దొరికిన రోజున మిగతా నిజమంతా వీగిపోతుంది.

వాళ్ళు తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పు. అది కోర్టు కాదు కానీ కంపెనీతో మాట్లాడి చాలా తగాదాలు అక్కడే తెంపుతారు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, నువ్వు ఉండే ఊళ్ళోనే, అంటే మన విశాఖలోనే కేసు వేసుకునే వీలు ఈ చట్టం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. ప్లీడరు లేకుండా నీ కేసు నువ్వే చెప్పుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చెయ్యవచ్చు. గడువు రెండేళ్ళు. అలాగని రెండేళ్ళు ఆగమని కాదు.

ఇక రెండో బాకీ. దీనికి గడియారమే శత్రువు. దొంగ చేతిలో పడ్డ సొమ్ము ఒక ఖాతాలో నిలవదు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, అక్కడినుంచి నాలుగైదింటిలోకి చీలి చివరికి ఏటీఎంలో నోట్లయి పోతుంది. 1930కి చెప్పగానే ఆ జాడ పట్టుకుని బ్యాంకులకు కబురు వెళుతుంది, ఇంకా మిగిలి ఉన్న సొమ్మును అక్కడికక్కడే ఆపేస్తారు. అందుకే మొదటి గంటలు అంత విలువైనవి. నీ లావాదేవీలో ఉన్న 12 అంకెల రిఫరెన్స్ నంబరే ఆ జాడకు మొదలు. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకో. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపి, రసీదు ప్రింటు తీసుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్ళు. ఆగిన సొమ్ము మాత్రం దానంతటది నీ ఖాతాలోకి రాదు. చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి, లేదా లోక్ అదాలత్‌లో తేలాలి. మన పక్క తెలంగాణలో 2024లో ఎంతోమంది బాధితులకు లోక్ అదాలత్‌ల ద్వారానే సొమ్ము తిరిగి ఇప్పించారు. తిరగాలి, ఓపిక పట్టాలి. అంతా వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఆపగలిగినంతే వస్తుంది.

బ్యాంకు దగ్గర ఒక ఇబ్బంది ఉంది, దాచకుండా చెబుతున్నాను. నీకు తెలియకుండా, నీ తప్పు లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే నీ మీద నష్టం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో నియమం పెట్టింది. నీ చేత్తో నువ్వే పిన్ కొట్టావు కాబట్టి ఆ రక్షణ నీకు పూర్తిగా వర్తించకపోవచ్చు. ఆ మాట వినగానే "పిన్ నేను కొట్టలేదు" అని చెప్పమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చెప్పకు. జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వు కబురు చేసిన తర్వాత కూడా డబ్బు పోతే ఆ నష్టం బ్యాంకుదే అని అదే నియమం అంటోంది. అందుకని ఎన్ని గంటలకు చెప్పావో, ఏ నంబరు ఇచ్చారో రాసి పెట్టుకో. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాసుకోవచ్చు.

ఒక్కటి జీవితాంతం గుర్తుంచుకో. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. ఎదుటివాడు సీఐఎస్ఎఫ్ జవానునని ఐడీ కార్డు చూపించినా, నేవీలో బదిలీ అయ్యి బండి అమ్మేస్తున్నానన్నా, అదే మాట. స్టీల్ ప్లాంటు గేటు దగ్గరా, పోర్టులోనూ, నేవల్ బేస్‌లోనూ యూనిఫారాలను రోజూ చూసి గౌరవించే ఊరు మనది. ఆ గౌరవాన్నే దొంగలు పెట్టుబడిగా వాడుకుంటారు.

నీకు ఇప్పుడు ఇంకో దొంగ కూడా వస్తాడు. "పోయిన డబ్బు రప్పిస్తాం, కొద్దిగా ఫీజు కట్టండి" అని ఫోన్ చేస్తాడు. పోలీసులమంటాడు, లాయర్లమంటాడు. 1930కీ, 1915కీ ఫీజు లేదు. ఫీజు అడిగితే ఫోన్ పెట్టెయ్యి. ఆశ పడ్డవాళ్ళనే వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

ఇక నీ కోపం గురించి. రిఫండ్ పేరుతో ముంచిన దొంగ గొంతు తలుచుకుని వాడు నాశనమైపోవాలి అన్నావు. 2024 మే నెలలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కథ విను. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఏజెంట్లు మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళను కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మనవాళ్ళ చేతే మనవాళ్ళకు ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. సిహనూక్‌విల్‌లో మన కుర్రాళ్ళు తిరగబడ్డారు. కొందరు విడతలుగా మన విమానాశ్రయంలో దిగి ఇళ్ళకు చేరారు. నీతో మాట్లాడినవాడు దుర్మార్గుడే కావచ్చు, బందీ కూడా కావచ్చు. అది తేల్చవలసింది పోలీసులు. నువ్వు తేల్చుకోవలసింది వేరే ఉంది. పార్సిల్ తెచ్చిన అబ్బాయి మీద అరిచావని మీ అమ్మ చెప్పింది. ఎండలో, వానలో సంచి మోస్తూ మెట్లెక్కి వచ్చే ఆ కుర్రాడు పెట్టె కట్టినవాడు కాడు, మార్చాడనడానికి ఆధారమూ లేదు. మళ్ళీ వస్తే మంచినీళ్ళు ఇచ్చి మాట్లాడు.

మీ ఆఫీసులో ఎవరైనా "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్ళు వాడుకోనివ్వు, కమిషన్ ఇస్తాం" అంటే ఆ గుమ్మం తొక్కకు. నీ సొమ్ము చీలిపోయి వెళ్ళింది అలాంటి అద్దె ఖాతాల్లోకే. అలాగే, ఈ దారులన్నీ తెలిశాయి కదా అని నాలుగు రోజులు కట్టుకున్న చీరను రంగు నచ్చలేదని వెనక్కి పంపకు. ఆ పెట్టె అవతల ఏ చిన్న నేతగాడో, ఏ కుట్టుపని చేసుకునే ఇల్లాలో ఉంటే నష్టం వాళ్ళదే. మనకు జరిగిన అన్యాయం ఇంకొకరికి అన్యాయం చేసే హక్కు మనకు ఇవ్వదు.

సిగ్గు విషయం ఆఖర్న చెబుతున్నాను. నమ్మడం నీ నేరం కాదు. నమ్మినవాళ్ళను ముంచడం ఆ దొంగ నేరం. నువ్వు నోరు మూసుకుంటే లాభపడేది వాడొక్కడే. నీ ఫిర్యాదుతో ఆ ఫోన్ నంబరు ఆగిపోతే, ఆ ఖాతా మూతపడితే, నీకు రూపాయి రాకపోయినా ఇంకో ఆడపిల్ల జీతం మిగులుతుంది.

కాబట్టి ఈ ఆదివారం నాన్న పక్కన కూర్చుని మొదట్నుంచీ చివరిదాకా చెప్పు. కోప్పడితే పడనీ, అది ఒక పూట కోపం. సోమవారం కంపెనీకి ఫిర్యాదు పెట్టి టికెట్ నంబరు నాకు పంపు. స్టేషన్‌కి నేను తోడొస్తాను. ఆఫీసులో నీ తోటి అమ్మాయిలకు జరిగింది దాచకుండా చెప్పు, వాళ్ళ ఫోన్లలో 1930 నంబరు నువ్వే ఎక్కించు. అడగందే అమ్మయినా పెట్టదు తల్లీ. నీ డబ్బు నువ్వు అడుగు. గట్టిగా అడుగు, నిజం చెప్పి అడుగు.

శుభం.
మీ మావయ్య