నడకయు రాగమును

వర్తకునకు విశ్రాంతి తక్కువ. ఉదయము కొట్టు తెరచినది మొదలు రాత్రి చిట్టా ముగియువరకు కూర్చుండియే యుందుము. వైద్యుని మాటపై అరగంట నడచినను బాకీలు, బేరములు మన వెంటనే నడచును. కాళ్లు కదలును గాని మనస్సు గల్లాపెట్టెను విడువదు.

మన సాధువుల ఈర్యాసమితిని చూడుడు. ముందు నాలుగు మూరల నేలను పరికించుచు, చీమకైనను హాని కలుగకుండ అడుగు వేయుదురు. జీవదయకై పుట్టిన ఈ నియమము నడచువాని మనస్సునకును మందు. అడుగుపై చూపు నిలిచినచో చింతకు చోటు చిక్కదు.

మధురవారికి కీళకుయిల్కుడి యొద్ద సమణర్ మలై గలదు. పూర్వము జైనమునులు వసించిన ఆ కొండ క్రింద తామరకొలను, పైన 9, 10 శతాబ్దులనాటి తీర్థంకర శిల్పములు. కోయంబత్తూరువారికి పడమటి కనుమల గాలి ముంగిటనే గలదు. వానకాలమున మాత్రము పురుగులు మసలు పచ్చికను విడిచి గట్టిదారిని నడచుట ధర్మము.

ఇక సంగీతము. వీతరాగుని కొలుచు మనకు రాగమేల యని కొందరు పెద్దలు అడుగుదురు. రాగమనగా స్వరమే కాదు, మమకారము కూడ గదా! ప్రశ్న న్యాయమైనదే. తమిళనాట పుట్టి పెరిగిన మన చెవికి త్యాగరాజస్వామి (1767–1847) తెలుగు కీర్తన పుట్టినింటి పలుకు వంటిది. అది విన్న పిమ్మట కోపము తగ్గి, గుమాస్తాతో మాట మెత్తబడినచో ఆ రాగము మమకారమును సడలించినది. కచ్చేరిలో ముందువరుస కుర్చీకై తగవాడినచో దానిని పెంచినది. పరీక్ష ఇంతియే.

సోదరులారా! ఉదయమొక అరగంట చూపును దారికిని, రాత్రి కొంతసేపు చెవిని పాటకును ఇత్తము. ఆ సమయమును చిట్టాకెక్కింపవలదు. మిగిలిన దినమంతయు దాని వడ్డీ ముట్టును.