ముందు ఈసీజీ, తర్వాతే కషాయం

అమ్మలూ,

తియాంజిన్ నుంచి నువ్వు పంపిన ఫొటో చూశాను. నాన్నకి ఛాతీ బిగపట్టినట్టు ఉంటోందని తెలిసి, అక్కడి మందుల దుకాణంలో పదకొండు దినుసుల పొట్లం కట్టించావు. అంత దూరాన ఉండి నువ్వెంత బెంగపడుతున్నావో నాకు తెలుసు తల్లీ. జీవితమంతా మందుల షాపులో గడిపిన పెదనాన్నగా ఒక మాట చెబుతాను, విను.

ఆ పొట్లంతో కాచే ‘షుయేఫు జూయూ తాంగ్’ కషాయాన్ని నేను చిన్నచూపు చూడను. దాన్ని కూర్చిన వాంగ్ చింగ్‌రెన్ (1768–1831) అంటే నాకు ఎంతో గౌరవం. 1797లో లువాన్‌చౌ ప్రాంతంలో అంటువ్యాధి సోకి పిల్లలు పిట్టల్లా రాలిపోయారు. పేదవాళ్లు లోతుగా పూడ్చలేకపోయిన శవాలను కుక్కలు పీకేసేవి. మామూలు మనిషి అటు తల తిప్పడు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే అక్కడికెళ్లి, లోపలి అవయవాలు నిజంగా ఎలా ఉన్నాయో చూశాడు. పాత గ్రంథాల్లోని బొమ్మలు తప్పని తేల్చుకుని, 1830లో వచ్చిన తన పుస్తకంలో కొత్త బొమ్మలు వేశాడు. ఆయనా కొన్ని చోట్ల పొరబడ్డాడు. ఛాతీ అడుగున రక్తం నిలవ ఉంటుందనుకున్నాడు, ఈ కషాయం ఆ ఊహ మీదే పుట్టింది. అయినా కళ్లతో చూశాకే మాట్లాడాలన్న ఆ పట్టుదల ఉందే, డాక్టరు కాబోతున్న నువ్వు ఆయన దగ్గర నేర్చుకోవలసింది అది. నాన్న గుండెలో ఏం జరుగుతోందో చూడకుండా ఏ మందూ పోయకూడదు. ఇప్పుడు చూడడానికి ఈసీజీ ఉంది, ట్రోపోనిన్ రక్తపరీక్ష ఉంది.

ఇంకో సంగతి. స్టెంట్ వేసినప్పటి నుంచీ నాన్న ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానకుండా వేసుకుంటున్నాడు. ఈ పొట్లంలో పీచ్ గింజల పప్పు, కుసుమ పూలు, డాంగ్‌గుయ్ వేరు ఉన్నాయి. రక్తాన్ని కదిలించడానికే వీటిని వేస్తారు. రక్తం పలచబరిచే మాత్రల మీద వీటిని కలిపితే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. ఇందులోనే ఉన్న అతిమధురం మనకు కొత్తది కాదు, కానీ ఎక్కువ రోజులు తాగితే పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకోకు. పనిచేసే మందుకి చెరుపు చేసే శక్తి కూడా ఉంటుంది.

చైనా మందులకు రుజువు లేదని కొట్టిపారేసేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. 2023లో అక్కడి 124 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,700 మందికి పైగా రోగుల మీద ‘తోంగ్‌షిన్‌లో’ అనే చైనా సంప్రదాయ మందు గుళికను పరీక్షించారు. నెల రోజుల్లో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఆ గుళిక ఇవ్వనివాళ్లలో 5.2 శాతం, ఇచ్చినవాళ్లలో 3.4 శాతం. అయితే వాళ్లందరికీ మామూలు గుండె వైద్యం జరుగుతూనే ఉంది, గుళిక దానికి తోడుగా ఇచ్చిందే. నీ పొట్లం అది కాదు. అయినా, మూలిక తోడుగా ఉండొచ్చు కానీ అసలు వైద్యానికి బదులు కాకూడదని అక్కడి డాక్టర్లే ఆచరించి చూపించారు.

నువ్వడిగితేనే నాన్న నిజం చెబుతాడు. మెట్లెక్కితే నొప్పి వస్తోందా, కూర్చుంటే తగ్గుతోందా, దవడకో ఎడమ చేతికో పాకుతోందా, చెమటలు పడుతున్నాయా అని అడుగు. గ్యాస్ అని సోడా తాగి పడుకునే అలవాటు మానిపించు. నొప్పి కాసేపట్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి, బండి మీద బయల్దేరకూడదని అమ్మకి నేను చెప్పి వచ్చాను.

ఆ పొట్లాన్ని పారెయ్యకు. దినుసులన్నిటి పేర్లూ, తూకాలూ ఇంగ్లీషులో రాయించి నాకు పంపు, గుండె డాక్టరుకి చూపిస్తాను. ఇవాళ సాయంత్రమే నాన్నని తీసుకెళుతున్నాను. ఈసీజీ కాగితం చేతికి రాగానే నీకు పంపుతాను.

మీ పెదనాన్న