బజారు మొహం చూడని నాణెం

పాత నాణేలు పోగుచేసేవాళ్ళు వాటికి మార్కులేస్తారు. షెల్డన్ స్కేల్ అంటారు, 1 నుంచి 70 దాకా. 60 రావాలంటే ఆ నాణెం టంకశాల నుంచి బయటికొచ్చాక బజారు మొహం చూసి ఉండకూడదు. అంటే, చెయ్యాల్సిన పని అస్సలు చెయ్యని నాణేనికే ఫస్ట్ ర్యాంకు. మా ఫీల్డులో అయితే, ప్రొడక్షన్‌కి ఎప్పుడూ వెళ్ళని కోడ్‌లో బగ్గులే లేవని మెచ్చుకోవడం లాంటిది.

ఈ మోజు బాగా కనిపించేది పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ బంగారు నాణేల దగ్గర. 20 డాలర్ల 'డబుల్ ఈగిల్' 33.4 గ్రాములుంటుంది, అందులో 90 శాతం బంగారం. 1857 సెప్టెంబరులో, మన దగ్గర సిపాయిలు ఢిల్లీలో పోరాడుతున్న రోజుల్లో, ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా అనే ఓడ కాలిఫోర్నియా బంగారంతో న్యూయార్క్ వెళ్తూ తుఫానులో మునిగిపోయింది. 400 మందికి పైగా చనిపోయారు. 1988లో ఆ ఓడ దొరికింది. సముద్రం అడుగున డబుల్ ఈగిల్‌లు వేలల్లో, నిన్న ముద్రించినట్టు నిగనిగలాడుతూ ఉన్నాయి. వాటి మీది సంవత్సరం కూడా ఎక్కువగా 1857 అే. బజారు చూడలేదు కాబట్టే ఆ మెరుపు. ఎందుకు చూడలేదో మాత్రం మార్కుల్లో ఉండదు.

ఇక అరుదు అనే మాట. నాణెం పుట్టుకతో అరుదవడం తక్కువ, తోటివి కరిగిపోతేనే ఎక్కువగా అవుతుంది. 1933 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ జనం దగ్గరున్న బంగారాన్ని అప్పజెప్పమని ఆదేశించాడు. మనిషికి వంద డాలర్ల దాకా ఉంచుకోవచ్చు. అరుదైన నాణేలు సేకరించేవాళ్ళకి వేరే మినహాయింపు. అప్పజెప్పినవి కరిగి కడ్డీలయ్యాయి. ఒకరి దగ్గరుంటే దాపరికం, ఇంకొకరి దగ్గరుంటే అభిరుచి. అప్పజెప్పినవాళ్ళవి కరిగినకొద్దీ మినహాయింపు దొరికినవాళ్ళవి ప్రియమయ్యాయి. దీన్ని నేరం అనలేం గానీ, పూర్తిగా అమాయకం అని కూడా నేను అనలేను.

అలాగని సేకరణని కొట్టిపారేయలేం. కోటిలింగాలలో దొరికిన నాణేలు ఎవరి కొలిమిలోకో పోయుంటే శాతవాహన సిముకుడి గురించి మనకి తెలిసింది ఇంకా తక్కువయ్యేది. కరగకుండా ఆపిన చెయ్యి చరిత్రకి మేలు చేసినట్టే. నా పేచీ దాచడంతో కాదు, దేన్ని మెచ్చుకుంటున్నాం అన్నదానితో.

మా వైపు, భద్రాచలానికి దగ్గర్లో పుట్టినవాళ్ళకి రామమాడల కథ చిన్నప్పుడే తెలుస్తుంది. గోపన్న బకాయి తీర్చడానికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకి మాడలు కట్టారంటారు. ఆ కథలో దేవుడి నాణెం కూడా అప్పు తీర్చే పనిమీదే వచ్చింది.

పెనుబల్లిలో మా నాయనమ్మ కాసులపేరులో నాలుగు విక్టోరియా రాణి సవరన్లున్నాయి, మిగతావి లక్ష్మీకాసులు. ఒక్కోదానికి పైన కొక్కెం అతికి ఉంది. సేకరించేవాళ్ళ భాషలో అది దెబ్బతిన్న నాణెం. మార్కుల్లేవు, బంగారం రేటే. రాణి ముక్కు దాదాపు అరిగిపోయింది. ఆ పేరు మిర్చి పెట్టుబడికి తాకట్టుకెళ్ళి వచ్చింది, చిన్న మేనత్త పెళ్ళికి మూడు కాసులు తగ్గింది, నా ఇంజనీరింగ్ ఫీజుకి మళ్ళీ బ్యాంకుకెళ్ళింది. ఏ డబుల్ ఈగిల్‌కీ తగ్గని చెలామణీ అది, కాకపోతే ఒకే మెడ చుట్టూ జరిగింది. దీన్ని మరీ ముద్దుగా చెప్పుకోవడం కూడా నాకు నచ్చదు. తాకట్టుకెళ్ళిన ప్రతిసారీ ఆవిడ మెడ బోసిగా ఉండేది, తియ్యమన్నవాళ్ళు మగవాళ్ళే.

నాయనమ్మ పోయాక ఇప్పుడు నాన్న, ఇద్దరు మేనత్తలు పంచుకోవాలి. నాలుగు సవరన్లు ముగ్గురికి సమంగా రావు. మొత్తం కరిగించి తూకం వేసి పంచుదామంటాడు నాన్న. న్యాయమైన మాటే. కరిగిస్తే లోకంలో నాలుగు సవరన్లు తగ్గుతాయి, ఎక్కడో ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న మచ్చలేని సవరను ఇంకో వెంట్రుకవాసి అరుదవుతుంది. ఉంచుదామని నేనంటే, అది ఎవరి వాటాలోంచి అని నాన్న అడిగాడు. అదీ సరైన ప్రశ్నే.

పెద్ద మేనత్త మాత్రం, తూకంలో తనకి తగ్గినా సరే, ముక్కు అరిగింది ఒకటి అలాగే ఇమ్మంది. చిన్నత్త ఇంకా ఏమీ అనలేదు. సత్తుపల్లి కంసాలి సంక్రాంతి లోపు తెమ్మన్నాడు.