దేన్ని అరగనివ్వాలి

ఈ బండిని తెలుగులో ఏమనాలో నాకింకా తేలలేదు. ఇక్కడివాళ్లు స్కిడ్డర్ అంటారు. అడవిలో కూల్చిన చెట్టుకు కొమ్మలు కొట్టేసి, మొదలుకి ఇనప తాడు బిగించి, లారీ నిలబడే చోటిదాకా నేలమీద ఈడ్చుకొచ్చే యంత్రం. మన్యంలో ఆ పని ఎడ్లు చేశాయి, అండమాన్ దీవుల్లో ఏనుగులు చేశాయి, ఇక్కడ న్యూ హాంప్‌షైర్ కొండల్లో గడ్డకట్టిన మంచు దారులమీద గుర్రాలు చేశాయి. విజయవాడలో ఉన్న మా బాబాయికి ఫోన్‌లో చూపిస్తే కాసేపు తేరిపార చూసి, "ఏనుగే గదరా! కాకపోతే నడుం విరిగింది" అన్నాడు.

నడుం మాట నిజమే. ఈ బండికి ముందు చక్రాలు పక్కకి తిరగవు, బండే మధ్యకి మడుచుకుంటుంది. ఇంజనూ ముందు ఇరుసూ ఒక సగం, తాడు చుట్టే వించీ వెనక ఇరుసూ ఇంకో సగం. రెంటినీ కలిపి ఉంచేవి పైన ఒకటి, కింద ఒకటి నిలువుగా దిగిన రెండు పిన్నులు. అటూ ఇటూ హైడ్రాలిక్ సిలిండర్లు. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది, బండి నడుం దగ్గర వంగి చెట్ల సందుల్లోంచి దూరిపోతుంది. దుంగల బరువూ, రాళ్లమీద ఎగిరిపడే కుదుపూ, వించి లాగినప్పుడు వచ్చే గుంజుడూ అన్నీ చివరికి ఆ రెండు పిన్నుల దగ్గరికే చేరతాయి.

నాది 1970ల నాటి టింబర్‌జాక్. కెనడాలోని ఒంటారియోలో, వుడ్‌స్టాక్ అనే ఊళ్లో తయారైంది. ఇంజను డెట్రాయిట్ డీజిల్ 3-53: మూడు సిలిండర్లు, ఒక్కోటి 53 ఘనపుటంగుళాలు, రెండు స్ట్రోకులది. మామూలు డీజిల్ ఇంజను గుడగుడలాడితే ఇది కీచుమని అరుస్తుంది. నేను దీన్ని కొనలేదు. పద్దెనిమిది ఎకరాల అడవి కొంటే బిర్చ్ చెట్ల కింద ఇది ఉచితంగా వచ్చింది. (ఉచితం అన్న మాటకి మా ఆవిడ ఒప్పుకోదు. ఆవిడ దగ్గర బిల్లులున్నాయి.) వించికీ వెనక చక్రానికీ మధ్యనుంచి మేపుల్ మొక్క ఒకటి నా మణికట్టంత లావున పైకి లేచింది. చెట్లను ఈడ్చిన బండిని చెట్టే కట్టేసుకుంది.

అలాగే వదిలేసినా బాగుండేదేమో. మెయిన్ రాష్ట్రంలో ఈగిల్ లేక్ ఒడ్డున, అడవి మధ్యలో రెండు ఆవిరి రైలింజన్లు 1933 నుంచి నిలబడి ఉన్నాయి. కలప మోయడానికి తెచ్చారు, పని అయిపోయాక వెనక్కి పట్టుకెళ్లడం దండగని అక్కడే వదిలేశారు. వాటి పక్కన నిలబడి చాలామంది ఫొటోలు తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. తిరిగొచ్చే దారిలో మాత్రం ఏదో ఇబ్బందిగా అనిపించింది. శిథిలమయ్యాక అందంగా ఉందనడం, ముసలాళ్లను అరుగుమీద చూసి ఫొటో బాగా వస్తుందనుకోవడం లాంటిదే. ఆ వారమే మేపుల్ మొక్కను కోసేశాను.

పాత యంత్రం బాగుచేస్తున్నానంటే చదువుకున్న మిత్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: పలకలన్నీ మార్చేశాక అది ఆ ఓడేనా అని. గ్రీకుల ఓడ గుర్తురానివాళ్లకు మిలిందుడి రథం గుర్తొస్తుంది. ఇరుసు రథమా, చక్రం రథమా అని భిక్షువు నాగసేనుడు ఆ రాజును అడగడం. మంచి ప్రశ్నలే, కాదనను. కానీ చేతులకి గ్రీజు అంటుకుని ఉన్నప్పుడు అవి ఒక్కసారీ నా బుర్రలోకి రాలేదు. షెడ్డులో వచ్చిన ప్రశ్న వేరు, దానికి తప్పు జవాబిచ్చి నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

కింది పిన్ను విప్పితే బయటపడింది. ముందు చట్రంలో పిన్ను తిరిగే కన్నం గుండ్రం పోయి కోడిగుడ్డయింది. పక్కల కొలత కంటే ముందువెనకల కొలత అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. ఈడ్చిన వైపుకే అరిగింది మరి. లోపల పిన్ను చుట్టూ ఉండాల్సిన బుష్షు అనే తొడుగు స్థానంలో ఎవరో హైడ్రాలిక్ గొట్టం ముక్క కోసి, ఆకురాయితో రుద్ది కొట్టేశారు. గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఏ చలికాలంలోనో, మర్నాటి పని ఆగకూడదని, లాంతరు వెలుతుర్లో చేసిన పని అయ్యుంటుంది. దాన్ని చూసి నవ్వబోయి ఆగిపోయాను. ఆ గొట్టం ముక్కే ఈ బండిని నా దాకా తెచ్చింది.

కొత్త బుష్షు తిప్పాలంటే అసలు కొలత కావాలి. పాత సామాన్ల దుకాణంవాడు చెప్పిన ధరకి ఇంకో పాత బండే వచ్చేట్టుంది. కాబట్టి ఉన్నదాన్నే అడగాలి. అరిగిన చోట ఎన్నిసార్లు వెర్నియర్ పెట్టినా అది తన కష్టం చెప్పుకుంటుందే గానీ పుట్టినప్పటి కొలత చెప్పదు. చివరికి పైఅంచున, సీలు కూర్చునే చోట, చిటికెన వేలి గోరంత మేర పిన్ను ఎప్పుడూ తగలని జాగా దొరికింది. అక్కడ లేతు గీతలు కూడా చెక్కుచెదరలేదు. యాభై ఏళ్లు ఏ పనీ చేయని ఆ అంచు ఒక్కటే, పనిచేసిన భాగమంతా ఒకప్పుడు ఎలా ఉండేదో నాకు చెప్పగలిగింది. దీని గురించి చాలాసేపు ఆలోచించాను. చరిత్ర రాసేవాళ్లు కూడా ఇలాంటి అంచులమీదే ఆధారపడతారేమో. కాకపోతే వాళ్లు కొన్నిసార్లు ఆ అంచునే చరిత్ర అనుకుంటారు.

తర్వాతి పని మోటుది. కన్నం లోపలంతా 7018 రాడ్లతో వెల్డింగు పోసి నింపి, మళ్లీ గుండ్రంగా తొలవాలి. చట్రాన్ని లేతు దగ్గరికి మోసుకెళ్లలేం కనుక లేతునే చట్రం దగ్గరికి తెచ్చాను: ఒక పాత షాఫ్టు, రెండు బేరింగులు, షాఫ్టుకు అడ్డంగా కన్నం పెట్టి బిగించిన చిన్న కోత పనిముట్టు, తిప్పడానికి నెమ్మదిగా తిరిగే డ్రిల్లు. ఒక్కో విడతకి అంగుళంలో ఇరవై వెయ్యోవంతులు. వెయ్యోవంతును బాబాయి "థౌ" అంటాడు, మా పక్క పొలం పెద్దాయన కూడా అదే అంటాడు. ఇనుము పేర్లు మాత్రం కలవవు. ఇక్కడ 4140 అనే ఉక్కుకి దాదాపు సరిపోయేదాన్ని బాబాయి ఈఎన్ 19 అంటాడు.

ఆ 4140 కడ్డీతోనే పిన్ను తిప్పాను. మిగిలిన ముక్కతో బుష్షు కూడా అదే ఉక్కులో తిప్పి, రెంటినీ గట్టిపరిపించాను. పాతది మెత్తన కాబట్టి అరిగింది, గట్టిది పెడితే అరగదు. నా లెక్క అంత సూటిగా ఉంది. పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడి లెక్క అది. మా లోకంలో దేనికీ అరుగుదల ఉండదు, తప్పు ఉంటుంది లేదా ఉండదు.

కొన్ని వారాలు హాయిగా నడిచింది. ఒకరోజు వాలులో మలుపు తిప్పుతుంటే టక్కుమని శబ్దం. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయ్యాయి. రెండూ ఒకే ఉక్కు, రెండూ గట్టివి, గ్రీజు పాకడానికి బుష్షులో గాడి లేదు. బుష్షులో తిరగాల్సిన పిన్ను, తనను తిరగకుండా పట్టి ఉంచే బోల్టును తెంపుకుని వెనక చట్రంలో తిరగడం మొదలెట్టింది. అంటే బజార్లో దొరకని, నేను మళ్లీ చేయలేని ఒకే ఒక్క భాగాన్ని అది తినేయసాగింది.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది. చూపించినవన్నీ చూశాడు.

"ఒరేయ్, ఆ కీలులో దేన్ని అరగనిద్దామనుకున్నావ్?"

"ఏదీ అరక్కూడదనే గదా బాబాయ్."

"ఏదీ అరక్కపోతే ఏదో ఒకటి విరుగుద్ది. ముందు కందెన పోవాలి, తర్వాత బుష్షు పోవాలి, ఆ తర్వాత పిన్ను. చాసిస్ దాకా రాకూడదు. మీ తాత ఎడ్లబండికైనా అంతే గదా."

తాత బండి ఇరుసు పక్కన వెదురు గొట్టం ఒకటి వేలాడుతుండేది. వరిగడ్డి మసిని ఆముదంలో కలిపిన కందెన అందులో ఉండేది. ఊరు దాటే ముందు చక్రం పక్కకి జరిపి పూసేవాడు. ఆ నల్లటి జిగురు చొక్కాకి అంటితే అమ్మ తిట్టేది. నాకు గుర్తున్నదల్లా తిట్లే. ఆ గొట్టంలో ఒక వరస ఉందనీ, ఏది ముందు పోవాలో ఎవరో ఎప్పుడో నిర్ణయించి పెట్టారనీ యాభయ్యో ఏట, ఇంత దూరంలో, ఒక ఉక్కు ముక్కను పాడుచేసుకున్నాక తెలిసింది.

మర్నాటినుంచి ఎక్కడ చూసినా అదే కనిపించింది. ఇంట్లో ఫ్యూజు, చెప్పు అడుగు, పెన్సిలు వెనక రబ్బరు. బాగా ఆలోచించి చేసిన ప్రతి వస్తువులోనూ పోవడానికని పెట్టిన భాగం ఒకటుంది. చేసినవాడి తెలివి ఎక్కువగా ఆ బలహీనతలోనే ఉంది.

ఇక్కడికొచ్చేసరికి కలం దానంతటదే ఇంటివైపు తిరుగుతుంది. సంసారంలో బుష్షు ఎవరు, మా అమ్మ ఎంత అరిగింది అని. రాయను. బాబాయి చెప్పిన ఇంకో మాట అడ్డం పడుతోంది. పన్నెండేళ్లప్పుడు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేరాడాయన. లేతు కింద రాలిన ఇనప తునకలు ఊడవడం, టీ తేవడం, రాత్రి ఆ షెడ్డులోనే పడుకోవడం. ఎడమ చూపుడువేలి చివర చక్‌లో పోయింది, కుడి చెవి ఆ చప్పుళ్లలో పోయింది. అందుకే ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటాడు. ఒకసారి నవ్వుతూ అన్నాడు: "షెడ్డులో లేతు ఖరీదు, నేను చవక. అందుకని నన్నే వాడారు."

దేన్ని అరగనివ్వాలో ఆయనకి అంత బాగా తెలియడానికి కారణం పుస్తకం కాదు. కంచు బుష్షు అరిగితే మధ్యాహ్నానికి ఇంకోటి తిప్పుకోవచ్చు, దాని మెత్తదనం న్యాయమైంది అందుకే. చెవిని లేతుమీద తిప్పలేం. మనిషిని త్యాగమూర్తి అని పొగిడేటప్పుడు ఈ చిన్న తేడాను మనం చాలా సులువుగా మింగేస్తాం. యంత్రంనుంచి మనుషులకి పోలికలు తెచ్చేవాళ్లంటే నాకు అప్పట్నుంచి కొంచెం అనుమానం. ముసలాళ్లనీ పాత రైలింజన్లనీ కలిపి పైన నేనూ ఒక పోలిక తెచ్చాను, దాన్ని కొట్టేయకుండా ఉంచుతున్నాను.

రెండోసారి బుష్షు కంచుది చేశాను. బాబాయి దాన్ని గన్‌మెటల్ అంటాడు. లోపల ఎనిమిది అంకె ఆకారంలో గ్రీజు గాడి తీశాను, చేతితో తీసింది కాబట్టి కాస్త వంకర. బుష్షు బయటి కొలత కన్నం కంటే రెండు థౌలు ఎక్కువ. మామూలుగా బుష్షును ఫ్రీజరులో పెట్టి కుంచించుకునేలా చేసి కొడతారు. మాకు ఫ్రీజరు అక్కర్లేదు, జనవరి రాత్రి వరండాలో పెడితే చాలు. పొద్దున చట్రాన్ని మంటతో వేడిచేసి, గడ్డకట్టిన బుష్షును చేతొడుగుతో పట్టుకుని పెడితే మాట విన్నట్టు జారి కూర్చుంది. రెండు నిమిషాల తర్వాత సుత్తితో కొట్టినా కదల్లేదు.

ఇంతా చేసి ఈ బండితో అడవిని ఏంచేస్తున్నాను అన్నది ఇంకో లెక్క. ఈ రాష్ట్రంలో ఐదింట నాలుగు వంతుల నేల అడవే. అయినా నా చెట్ల మధ్యనుంచి రాతి గోడలు పోతుంటాయి, పందొమ్మిదో శతాబ్దంలో ఇదంతా గొర్రెల బీడు. అంటే ఈ అడవి కూడా అరిగి మళ్లీ మొలిచిందే. నేల మెత్తగా ఉన్నప్పుడు ఈ బండి దిగితే మోకాటిలోతు గాళ్లు పడతాయి, అవి నా తర్వాతా ఉంటాయి. అందుకని నేల గడ్డకట్టిన రెండు నెలల్లోనే తీస్తాను, పక్క పొలం పెద్దాయన చెప్పినట్టు దారిలో కొమ్మలు పరిచి. ఈడ్చేది కూడా చచ్చిన యాష్ చెట్లనే. ఆసియానుంచి వచ్చిన ఒక పచ్చటి పురుగు వాటిని తొలిచేస్తోంది. 2002లో మిషిగన్‌లో బయటపడింది, 2013లో ఈ రాష్ట్రంలో కనిపించింది. ఆసియానుంచి ఈ కొండమీదికి వచ్చినవాళ్లం అదీ నేనూ, ఎవరి తొలిచే పని వాళ్లది.

పోయిన మార్చిలో, ఈడ్పు పని ముగిశాక, పిన్ను విప్పి కొలిచాను. బుష్షు నాలుగు థౌలు అరిగింది. గ్రీజుతో పాటు సన్నటి పసుపు పొడి వేళ్లకి అంటింది. బాబాయికి చూపించాను.

"పిన్ను?"

"గీత కూడా పడలేదు బాబాయ్."

"అయితే రెండో బుష్షు ఇప్పుడే తిప్పి పెట్టుకో. కొలత గుర్తున్నప్పుడే."

అదే వారం తిప్పాను. నూనె కాగితంలో చుట్టి, దానిమీద కొలతలు రాసి, షెడ్డు తలుపు వెనక మేకుకు తగిలించాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాశాను, అప్పటికి ఈ బండి ఎవరి దగ్గర ఉంటుందో తెలియదు గదా.