సంజీవని కొరకు పాదయాత్ర



శ్రీకృష్ణ పరమాత్మ మధురానగరమున ప్రవేశించినప్పుడు రథమెక్కి ఊరేగలేదు. అక్రూరుని రథమును ఊరి వెలుపలనే విడిచి, అన్నగారితోను గోపబాలురతోను కలసి రాజవీధిలో కాలినడకను సాగెను. నడచుచు ఎదురైనవారిని అడిగెను. రజకుని వస్త్రములడుగగా వాడు నిందించి పొమ్మనెను. సుదాముడను మాలాకారుడు పరవశించి పూలదండలు సమర్పించెను. మూడు వంకరల మేనితో వచ్చుచున్న కుబ్జను చందనమడుగగా ఆమె సంతోషముతో మైపూతలనొసగెను. స్వామి ఆమె పాదములపై తన పాదముంచి, రెండు వ్రేళ్ళతో చుబుకమును పైకెత్తగా ఆ వంకర మేను చక్కనైనది. నడచుట, అడుగుట, దేహబాధను తీర్చుట, ఈ మూడును ఆనాడు ఒక్క వీధిలోనే జరిగినవి.

హైదరాబాదు నగరమున అమీర్‌పేటకు చేరువలో ఆ పురము పేరుతోనే మధురానగర్ అను నివాసప్రాంతము కలదు. అచటి భక్తులు కొందరు ఒక సందేహముతో నా కడకు వచ్చిరి. “స్వామీ! మేము యాదగిరిగుట్టకు పాదయాత్ర చేయదలచితిమి. దారిపొడుగున విరాళములు సేకరించి క్యాన్సరు వ్యాధిపై జరుగు పరిశోధనకు సమర్పింపవలెనని మా కోరిక. మాలో ఇద్దరి ఇండ్లలో ఆ వ్యాధి కాలుపెట్టినది. కాని కొందరు పెద్దలు ఆక్షేపించుచున్నారు. వైద్యనరసింహుడే కొండపై కొలువై ఉండగా పరిశోధన ఎందులకందురు. రోగము పూర్వకర్మఫలమందురు. దైవయాత్రలో ధనప్రసక్తి తగదందురు. మాకేది ధర్మము?” అని అడిగిరి. వారికి చెప్పిన మాటలనే ఇచట విన్నవించుచున్నాను.

మొదటి ఆక్షేపణమునకు సమాధానము శ్రీమద్రామాయణముననే కలదు. యుద్ధభూమిలో లక్ష్మణస్వామి మూర్ఛిల్లినప్పుడు ప్రక్కన ఉన్నవాడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడు. అయినను ఆయన వైద్యమును వలదనలేదు. సుషేణుడు ఓషధుల పేర్లు చెప్పెను. హనుమంతుడు పర్వతమునకు ఎగసెను. అచట ఏది ఆ మూలికయో ఆయనకు తెలియలేదు. తెలియదని వట్టిచేతులతో తిరిగిరాలేదు. శిఖరమునే పెకలించి తెచ్చెను. దానిలో ఓషధిని గుర్తించి, నూరి, ప్రయోగించినవాడు సుషేణుడు.

అమ్మలారా, అయ్యలారా! పరిశోధన యనగా ఇదియే. ఏ మూలికలో ప్రాణమున్నదో ముందుగా తెలియదు. వేయింటిని పరీక్షింపగా ఒకటి పనికివచ్చును. ఒక్కొక్కసారి అదియు రాదు. అంతవరకు కొండను మోసితెచ్చువారొకరు, అందు వెదకువారొకరు ఉండవలెను. మనకు సుషేణుని విద్య లేదు. హనుమంతుని బలమును లేదు. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి చొప్పున మోసినచో ఆ శిఖరము కదలక మానదు. యాదగిరిగుట్టకు క్షేత్రపాలకుడు ఆంజనేయస్వామియే కదా! ఆ దారిలో ఈ భారము వహించుట ఆయనకు ప్రియమగునే కాని అప్రియమెట్లగును?

ధర్మధనము పరిశోధనకు ఎట్లు ఉపకరించునో తెలియుటకు మన తెలుగుబిడ్డ చరిత్రయే చాలును. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. యౌవనమున సన్యసింపగోరి రామకృష్ణ మిషన్ పెద్దలను ఆశ్రయింపగా, వైద్యవిద్య నేర్చి లోకమును సేవింపుమని వారు బోధించిరి. సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధితో రోజుల వ్యవధిలో మరణించిరి. ఆ దుఃఖమే ఆయనకు దీక్షయైనది. 1923లో ఆయన అమెరికా ప్రయాణమునకు మామగారు తోడ్పడిరి. కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధియు సాయము చేసెను. ఆ వెళ్ళిన విద్యార్థియే పిమ్మట తన సహచరులతో కూడి ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన ఔషధములను రూపొందించెను. 1948లో బోస్టన్ నగరవైద్యుడు సిడ్నీ ఫార్బర్ వానిలో ఒకదానిని రక్తపు క్యాన్సరు సోకిన పసిబిడ్డలకిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినట్లు ప్రకటించెను. అంతకుముందు ఆ బిడ్డలకు మందే లేదు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ అను మందు నేటికిని ఆసుపత్రులలో వాడబడుచున్నది. కాకినాడ ధర్మనిధికి సొమ్ము సమకూర్చిన దాత ఈ ఫలమును కలలోనైన ఊహించి యుండునా? ఫలమును చూడకయే ఇచ్చుట దానము. ఫలమును ఆశింపక నడచుట కైంకర్యము.

ఇక కర్మ మాట. ఇది చెప్పునప్పుడు నా కంఠము గద్గదమగును. నా అక్కగారు వక్షమున ఏర్పడిన గడ్డను సంవత్సరకాలము ఎవరికిని చెప్పలేదు. చెప్పుటకు సిగ్గు, పైగా “నా కర్మ, నా స్వామి చూచుకొనును” అను నమ్మకము. తెలిసిననాటికి వైద్యులు చేయగలిగినది స్వల్పము. ఆమె భక్తిని నేను శంకింపను. కాని ఆమె మౌనమును భక్తియని మేము మెచ్చుకొంటిమే, అది మా అపచారము. రోగి బాధ రోగి కర్మమే అనుకొందము. దానిని చూచియు చేయి చాపకుండుట ఎవరి కర్మము? అది చూచినవారి ఖాతాలోనే పడును. కనుక యాత్రికులారా! మీరు హుండీతోపాటు ఈ మాటను కూడ ఇంటింటికి మోయుడు: శరీరమున గడ్డయో, మానని పుండో, కారణము తెలియని రక్తస్రావమో కనిపించినచో దాచవలదు, వెంటనే వైద్యునకు చూపవలెను. విరాళమీయలేని ఇల్లాలు ఈ ఒక్క మాట విని పరీక్షకు పోయినను మీ యాత్ర సఫలమే.

మూడవది ధనప్రసక్తి. అడుగుచు నడచుట మన నేలకు క్రొత్త కాదు. 1951 మార్చిలో ఆచార్య వినోబాభావే వార్ధా సమీపమునందలి పౌనార్ నుండి కాలినడకను బయలుదేరి హైదరాబాదు చేరువనున్న శివరాంపల్లికి వచ్చిరి. ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు సమర్పించిరి. భూదానోద్యమము ఆ అడుగులలో పుట్టినది. సముద్రములకావల కెనడా దేశమున టెర్రీ ఫాక్స్ అను యువకుడు ఎముక క్యాన్సరుచే కుడికాలు కోల్పోయి, కృత్రిమపాదముతో 1980 ఏప్రిల్ 12న పరుగు ప్రారంభించెను. దేశమున ప్రతి మనిషి ఒక్క డాలరు పరిశోధనకీయవలెనని ఆయన కోరిక. 143 దినములలో 5,373 కిలోమీటర్లు సాగిన పిమ్మట వ్యాధి ఊపిరితిత్తులకు సోకి ఆయన ఆగిపోవలసివచ్చెను. మరుసటి ఏట 22 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. కాని అప్పటికే 2 కోట్ల 40 లక్షల డాలర్లు సమకూడెను. ఆయన పేర నేటికిని ఏటేట జనులు నడచుచున్నారు.

అయితే ధనము అగ్నివంటిది. దీపమునకును అదియే, ఇల్లు కాల్చుటకును అదియే. అందుచేత కొన్ని నియమములు విన్నవించెదను.

సంకల్పము చెప్పుకొనునాడే ఆ ధనము ఏ సంస్థకు, ఏ కార్యమునకు పోవునో నిశ్చయించి వ్రాసి ఉంచుడు. చికిత్సకిచ్చు ధనము వేరు, పరిశోధనకిచ్చు ధనము వేరు. రెండును పుణ్యమే, కాని దాతకు చెప్పినది ఒకటి, చేసినది మరియొకటి కారాదు. నగరమున 1955 నుండి పేదలకు ఆశ్రయమైన ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి కలదు. నందమూరి తారకరామారావుగారి సతీమణి ఈ వ్యాధితోనే పరమపదింపగా, ఆమె పేర 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి కలదు. ఇట్టిచోట్ల పెద్దలను ముందుగా సంప్రదించి, పరిశోధనకు ధనమెట్లు స్వీకరింతురో తెలిసికొనుడు. ప్రతి రూపాయికి రసీదు ఈయవలెను. యాత్రికుల భోజనము, బస, వాహనము ఖర్చు యాత్రికులదే. దాతల సొమ్ములో గ్రుక్కెడు కాఫీయైనను త్రాగరాదు. తిరిగివచ్చిన పిమ్మట లెక్కను బహిరంగముగా చదివి వినిపింపుడు.

మధురానగర్ నుండి సికింద్రాబాదు, ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా గుట్టకు సుమారు 70 కిలోమీటర్లు. నాలుగు దినములుగా విభజించుకొనుడు. రెండు నెలలు ముందుగనే ప్రతిదినము నడక అభ్యసింపుడు. వేసవిని విడిచి చలికాలమును ఎన్నుకొనుడు. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే బస చేరుడు. రహదారిపై వాహనముల రద్దీ అధికము గనుక పోలీసువారికి ముందుగా తెలుపుడు. వరుసలో, ప్రక్కగా నడువుడు. వృద్ధులు కడపటి రెండు మైళ్ళు నడచినను చాలును. చికిత్స పొందుచున్నవారు వైద్యుని అనుమతి లేక నడువరాదు. వారు ఇంటనే స్వామినామము జపించిన, ఆ బలముతో మీరు నడతురు.

ఈయనివారిని నిందింపవలదు. మధురలో ఈయని రజకుని స్వామి దండించెను. ఆ అధికారము మనకు లేదు. మనకున్నది సుదాముని మార్గము. స్వామి ప్రసన్నుడై వరమడుగుమనగా ఆ మాలాకారుడు ధనము కోరలేదు. స్వామి పాదసేవను, స్వామి భక్తులతో స్నేహమును, ప్రాణులన్నింటియందు అపారమైన దయను కోరెను. పోతనామాత్యుల తెనుగులో ఆ వరమును కంఠస్థము చేయని వైష్ణవ గృహము అరుదు. పాదయాత్ర పాదసేవ. కలసి నడచుట భక్తస్నేహము. మనమెన్నడును చూడని రోగికి, ఎన్నడో కనుగొనబోవు మందు కొరకు నేడొక రూపాయి ఈయుట భూతదయ. ఆ మూడు వరములును ఈ నాలుగు దినములలో లభించుచుండగా సందేహమేల?

కొండపై ఆ వైద్యనరసింహుడు మీ పొక్కిన పాదములను చూచును. రోగశయ్యలపై ఉన్నవారినందరిని ఆయన కరుణ కాపాడుగాక! వెదకువారికి ఓషధి దొరుకుగాక! నడచువారికి దారి సుగమమగుగాక!