బూట్లు కడిగి దిగు తీరము



దక్షిణ ధ్రువమునకు చుట్టునున్న అంటార్కిటికా అను మంచు ఖండమును చూచుటకు నేడు జనులు ఓడలలో పోవుచున్నారు. 1966లో లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ అను నతడు యాత్రికుల గుంపునొకదానిని అచ్చటికి కొనిపోయిన నాటినుండి ఈ ప్రయాణములు వృద్ధియైనవి. 2022–23లో, అచ్చటి వేసవియందు, లక్షమందికి పైగా పోయిరి. దక్షిణ అమెరికా కొనయందలి ఉషుయాయా రేవున ఓడ యెక్కి, అలలకు పేరుపడిన డ్రేక్ సముద్రమును సుమారు రెండు దినములు దాటవలెను. ఆ ప్రయాణమునకగు ధనము మన పల్లె సంఘములలో ఎవరియొద్దను ఉండదు. ఐనను అందులో జరుగు ఒక చిన్న పని మనము వినదగినది.

తీరమున దిగకముందు ప్రతివాడును తన బూట్లను మందునీళ్లలో ముంచి తోముకొనవలెను. కోటు జేబులు తిరగవేసి, అంచులు దులిపి, గడ్డిగింజ ఒక్కటియు లేదని చూచుకొనవలెను. మరల ఓడ యెక్కునప్పుడును కడుగవలసినదే. ఎంత ధనవంతుడైనను మినహాయింపు లేదు. ఏలయనగా, ఆ ఖండమంతటిలో స్వంతముగా పూయు మొక్కలు రెండే రెండు. మనుష్యులతో వచ్చిన పరాయి గడ్డియొకటి 1985 ప్రాంతమున అచ్చటి కింగ్ జార్జి దీవిలో కనబడి, వేరూరినది. వయ్యారిభామ కలుపుతో మన రైతులు పడు పాట్లు తలంచుకొనుడి. అదియు బయటినుండి వచ్చినదే గదా.

మండుచున్న పొదయొద్ద మోషే చెప్పులు విడిచెను. ఈ యాత్రికులు చెప్పులు విడువరు, కడుగుదురు. తమవలన ఆ నేలకు కీడు కలుగునేమోయని వారి భయము. ఒక్కసారి నూరుమందికి మించి ఒకచోట దిగరాదు. పెంగ్విన్ పక్షికి అయిదు మీటర్ల దూరమున నిలువవలెను. అది దారికడ్డముగా నడచివచ్చినయెడల మనుష్యుడే ఆగవలెను.

పక్షులను చంపు జ్వరవ్యాధి 2023లో దక్షిణ జార్జియా దీవికిని, 2024లో ఆ ఖండమునకును చేరినది. ఆ వ్యాధి భయమువలన నేలమీద కూర్చుండుటయు, మోకరించుటయు కూడదనిరి. అంతటి మహిమను చూచినవానికి మోకరింపవలెననియే తోచును. కాని మోకాటికంటిన మట్టి మరియొక గూటికి మరణమును మోసికొనిపోవచ్చును గనుక, నిలిచియే స్తుతింపవలెను! ఇది నన్ను చాల ఆలోచింపజేసినది. భక్తి గలవాడు తన భక్తివలన పక్కవానికి ఏమగునో చూచుకొనుట అరుదు.

ఇంతమాత్రముచేత ఆ యాత్ర నిర్దోషమని నేననను. ఓడ కాల్చు నూనె సంగతి బూట్లు కడుగు తొట్టిలో తీరునది కాదు. లిండ్‌బ్లాడ్ కట్టించిన ఎక్స్‌ప్లోరర్ ఓడయే 2007 నవంబరు 23న మంచు తగిలి మునిగెను. అందున్న 154 మందియు దేవుని కృపవలన బ్రతికిరి. ఓడలోని నూనె మాత్రము సముద్రము పాలాయెను. చూడగోరి పోవువారి సంఖ్య పెరిగినకొలది చూడదగినది తరుగునేమోయను ప్రశ్నకు పోయివచ్చినవారే జవాబు చెప్పవలెను.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో యోబు 38వ అధ్యాయము చదువుడి. మంచును గూర్చి దేవుడు యోబు నడిగిన ప్రశ్న 29వ వచనమున నున్నది. చిన్నపిల్లలున్న యింట పటముమీద ఆ ఖండమెచ్చటనున్నదో చూపుడి. అట్టడుగున తెల్లగా కనబడును.