రేపు రా

కన్నడంలో కాడు అంటే అడవి. మన తెలుగులో కాడు అంటే శ్మశానం. వల్లకాడు అన్న మాటలో అది ఇంకా మిగిలే ఉంది. 1990ల్లో నేను కాడుగోడిలో ఇల్లు అద్దెకు తీసుకున్నానంటే మా అమ్మ ఆ పేరుకే ఉలిక్కిపడింది. తీరా వచ్చి చూస్తే తలుపుల మీద సుద్దతో ‘నాళె బా’ అన్న రాతలు! రాత్రివేళ ఒక ఆడదయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందట. తలుపు తీస్తే ప్రాణం పోతుందట. ‘రేపు రా’ అని రాసిపెడితే చదువుకుని వెళ్లిపోతుందట. మన ఊళ్లలో గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిందీ ఇందుకే.

ఇంగ్లీషులో గోథిక్ కథలకు దారి తీసింది హొరేస్ వాల్పోల్ 1764లో వెలువరించిన ‘ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’. పాత కోట, నేలమాళిగ, చట్రంలోంచి దిగివచ్చే పటం, చీకట్లో పారిపోయే అమ్మాయి - తర్వాతివాళ్లు వాడుకున్న సరంజామా చాలావరకు అందులోనే ఉంది. అయితే కథకు మూలం దయ్యం కాదు, ఒక దొంగ వీలునామా. తాత తన యజమానికి విషం పెట్టి కోట కాజేశాడు. మనవడి కాలానికి ఆ బాకీ ఇంటికి వచ్చింది. అన్ని దయ్యాలూ ఇలాంటివి కావు. 1897 నాటి డ్రాక్యులాకు ఎవరూ ఏమీ బాకీ లేరు. కానీ చాలా కథల్లో దయ్యమంటే వసూలుకు వచ్చిన అప్పులవాడే.

మా వీధికి వచ్చే ఆ ఆడమనిషి ఎవరో, ఆమెకు ఏం అన్యాయం జరిగిందో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసింది వెనక్కి పంపే మాట ఒక్కటే.

ఆ మాట నేనూ వాడాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పోయిన భర్త ఖాతాలోని డబ్బు కోసం ఒకావిడ మా కౌంటరుకు వచ్చింది. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. పని ఎక్కువగా ఉందని ‘రేపు రండమ్మా’ అన్నాను. మర్నాడూ అదే అన్నాను, ఆ మర్నాడూ అదే. నాలుగో రోజు ఆమె రాలేదు. కొన్నాళ్లకు నాకు బదిలీ అయింది. ‘రా’ అనలేదు, ‘రండి’ అన్నాను. అంతే తేడా.

భయపెట్టేవాళ్లను తరిమేస్తే సరిపోతుంది. బాకీ ఉన్నవాళ్లకు లెక్క చెప్పాలి. అందుకే కాబోలు, మనం బాకీపడ్డవాళ్లను దయ్యాలను చేసుకుంటాం.

2023లో కాడుగోడికి మెట్రో వచ్చింది. మా వీధి తలుపుల మీద సుద్దరాతలు ఎప్పుడో పోయాయి. నా బల్ల దగ్గరికి ఎవరైనా వస్తే ముందు ‘కూర్చోండి’ అంటున్నాను. ఆమెకు మాత్రం ఆ మాట అందలేదు.